ఎర్ర చుక్క

చిన్నికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది, తగ్గలేదని ఆయన అంటున్నా సరే. నీ ఉత్తరం నిన్న అందింది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. వరస తప్పితే నాకు చెయ్యి సాగదని నీకు తెలుసు.

నీ నీలం స్వెట్టర్ బీరువా పై అరలో దొరికింది, పంపుతున్నాను. అక్క కూతురికి జ్వరం తగ్గింది. "పిన్ని గురి చూసి కొడితే కిటికీ అద్దం పగులుతుందా?" అని అది అడుగుతోంది. దానికి జవాబు నువ్వే చెప్పాలి.

ఇక నీ రైఫిల్ గురి సంగతి. దగ్గరి బోర్డు మీద తేడా పెద్దగా తెలియడం లేదని, దూరపు బోర్డుకు వచ్చేసరికి గుండ్లన్నీ ఎడమకు జారిపోతున్నాయని రాశావు. గురి చూసే స్కోపు బాగానే ఉంది, నీ చెయ్యే పాడైందని క్యాంపులో కోచ్ తేల్చేశారన్నావు. పట్టు మార్పించారట, చెంప ఆనించే తీరు మార్పించారట. శనివారం దాకా చూసి, ఎంపిక పోటీ నుంచి పేరు వెనక్కి తీసుకుంటానన్నావు. ఆ మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళ కష్టం అంత తేలిగ్గా వదిలేస్తావా అని నిన్ను కోప్పడబోయాను కూడా.

ఆ కింది వాక్యం మీ నాన్నకు చదివి వినిపించాను. మెకానిక్ స్కోపు బిగించి, గురి కుదిరాక నాబ్ మీద పెట్టిన ఎర్ర చుక్క దారిలో రాలిపోయినట్టుందని, అయినా నాబ్ సున్నా దగ్గరే ఉంది కాబట్టి భయం లేదని రాశావు కదా, అది. ఆయన పేపరు మడిచేశారు.

"అది రాలిపోయే చుక్క కాదే. నా ఎదురుగానే పెట్టాడు, గోళ్ళ రంగుతో."

"అయితే?"

"ఈ ఇంట్లో నీ గుడ్డ తగలనిది నా నెత్తి ఒక్కటే. రైఫిల్ పెట్టె తీశావా?"

తీశాను చిన్నీ. పెట్టె ఎవరైనా ముట్టుకున్నారా అని కిందటిసారి నువ్వు అడిగితే, ఎవరూ ముట్టుకోలేదని రాశాను. కావాలని ఆడిన అబద్ధం కాదు. తుడవడం నాకు ముట్టుకోవడం కింద లెక్కకు రాదు. దుమ్ముతో పంపడం ఇష్టంలేక, నువ్వు బట్టలు సర్దుకుంటుంటే స్కోపు తుడిచాను. పక్కనున్న నాబ్ మూత విప్పితే లోపల ఎర్ర మరక కనిపించింది. నీ గోళ్ళ రంగు అంటుకుందనుకుని మందు అద్దిన దూదితో తీసేశాను. నాబ్ కూడా సున్నాకు కాస్త పక్కగా ఉంది. పొయ్యి నాబ్ అయినా, త్రాసు ముల్లయినా సున్నా దగ్గరికి తేకుండా నేను వంటగది దాటను. దీన్నీ తెచ్చాను.

"అది పొయ్యి కాదే తల్లీ. దాని గురి ఆ చుక్క దగ్గరే కుదిరింది. ఇక్కడ ఇంత తేడా ఉంటే అక్కడికి వెళ్ళేసరికి ఇంత," అని మీ నాన్న రెండు చేతులూ బార్లా చాపారు. ఆ చేతుల మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తూ నిలబడిపోయాను.

వెంటనే క్యాంపు ఆఫీసుకు ఫోన్ చేశాను. పోటీ అయ్యేదాకా పిల్లలకు ఇంటి కబుర్లు చేరవేసేది లేదన్నారు. తప్పు మా పిల్లది కాదు, నాది, కోచ్‌తో ఆ ఒక్క ముక్క చెప్పండన్నాను. "అందరు అమ్మలూ అదే అంటారమ్మా," అని పెట్టేశారు. అందుకే మీ క్యాంపుకు సరుకులు తెచ్చే వ్యాను డ్రైవరును బతిమాలాను. నీ చేతికే ఇస్తానన్నాడు. ఇప్పుడు వీధి చివర హారన్ కొడుతున్నాడు.

జాగ్రత్తగా చదువు. నేను సీసా మూత బిగించే వైపు తిప్పాను. నువ్వు విప్పే వైపు తిప్పు. నాలుగుసార్లు టక్కుమనాలి, అంతకు మించి వద్దు. తిప్పేటప్పుడు లెక్కపెట్టాను, నా లెక్క తప్పదు. ఆ తర్వాత కొత్త పట్టు వదిలేసి, ఎప్పటిలాగే చెంప ఆనించి కాల్చు. కోచ్ అడ్డు చెబితే ఈ ఉత్తరం ఆయనకు చూపించు. మా అమ్మకు గుడ్డ పిచ్చి అని చెప్పు, నాకేం నామోషీ లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకో. నీ చెయ్యి పాడవలేదు.

పేరు వెనక్కి తీసుకోకు. ముందు నాబ్ తిప్పు, తిట్టేది తర్వాత తిట్టు.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా గుడ్డ ముట్టనని ఒట్టు పెట్టుకున్న
మీ అమ్మ