వంతెన దిగుతున్నప్పుడు

నాన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. చిన్నాన్న మస్కట్ నుంచి వచ్చేశాడు. ప్రపంచమంతా చమురు ధర పడిపోయేసరికి అక్కడ పనులు ఆగిపోయాయట, డ్రైవర్లను ఇళ్ళకు పంపేశారట. ఇక్కడ బిలాస్‌పూర్ బంకులో మాత్రం పెట్రోలు పాత ధరే. నువ్వుంటే పేపరు పట్టుకుని దీని మీద ఎంతసేపు తగువులాడేవాడివో!

నీ స్కూటర్ ఇప్పుడు చిన్నాన్నే నడుపుతున్నాడు. పెట్రోలు మిగులుతుందని నువ్వు రైల్వే వంతెన మీద ఇంజన్ ఆపేసి వాలులో అలాగే జారుతూ దిగేవాడివి కదా. సెలవులకొచ్చినప్పుడల్లా చిన్నాన్న నవ్వేవాడు: "మా మస్కట్‌లో నీళ్ళకంటే పెట్రోలే చవకన్నయ్యా!"

ఈ సాయంత్రం నన్ను ఆఫీసు నుంచి తీసుకొస్తూ, వంతెన పైకి రాగానే తనే ఇంజన్ ఆపేశాడు.

"ఏటి చిన్నాన్నా, ఆపేసినావు?"

"ఊరికే. అన్నయ్య ఏటి వినేవోడో విందారని."

గాలి వినిపించింది. ఎక్కడో షంటింగ్ ఇంజన్ కూత. పొగమంచులో దీపాలు, పట్టాలు, బిలాస్‌పూర్ అంతా మెల్లగా మా కిందనుంచి జారిపోతున్నట్టనిపించింది.

ఆ ఊపులోనే బండి మన క్వార్టర్ దాకా వచ్చేసింది. గేటు ముందు కంకర మీద చక్రాల చప్పుడొక్కటే. నువ్వొచ్చావని అమ్మకి తెలిసేది ఆ చప్పుడుతోనే. ఈరోజూ అమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని గబగబా గుమ్మంలోకి వచ్చింది. మమ్మల్ని చూసి ఆగింది.

"అచ్ఛా, మీరా," అంది. గ్లాసు చిన్నాన్న చేతికిచ్చి లోపలికెళ్ళిపోయింది. చిన్నాన్న తాగకుండా అలాగే పట్టుకు నిలబడ్డాడు.

రేపు వంతెన మీద ఇంజన్ ఆపమననా, వద్దననా? నువ్వే చెప్పు నాన్నా.