ఒడ్డుపాట ఆఖరి చరణం

నేను నోరు తెరవకముందే నా మాట తెలిసిపోయే అక్కకు,

నీ ఉత్తరం పాటల గదిలోనే అందింది. లాంచీ సరంగు కిటికీలోంచి లోపలికి విసిరి, "ఏం అమ్మాయ్, పుట్టింట్లో అంతా బాగున్నారా?" అని అరిచాడు. తల ఊపాను. "అబ్బో, ఇవాళ చాలా మాట్లాడేశావ్, గొంతు నొప్పి పుడుతుంది జాగ్రత్త" అని నవ్వుకుంటూ పోయాడు. ఇక్కడ కూడా నా పేరు గుసగుసే అయిపోయింది. నువ్వు పెట్టిన పేరు నా కంటే ముందే లాంచీ ఎక్కి వచ్చినట్టుంది.

సంబంధం సంగతి చదివాను. మోటార్లు బాగుచేసే మనిషి, భార్య పోయింది, నెమ్మదస్తుడు, నాన్నకు నచ్చాడు. "మీ ఆయన పడవ మునిగి ఇన్నాళ్లయింది, ఇంకా అక్కడేం చూసుకుని కూర్చున్నావే?" అని అడిగావు. ఈ దీవి పద్ధతి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ పడవ తిరిగి రాకపోతే, పోయినవాడి తల్లి సాయంత్రం ఒడ్డుకు వెళ్లి పాడుతుంది. దాన్ని ఒడ్డుపాట అంటారు. గాలి ఎటు తిరిగింది, పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి, నీ పొడి బట్టలు చిలక్కొయ్యకు ఉన్నాయి, ఇలా సాగుతుంది. ఆఖరి చరణంలో కొడుకుని పేరు పెట్టి పిలిచి, "గట్టెక్కావు, తడి ఆరింది, తలుపు వేసుకుంటున్నాను, ఇక పడుకో" అనాలి. శరీరం ఒడ్డుకు చేరితే ఆ చరణం పాడతారు. చేరకపోతే దాని ముందు ఆపేసి ఇంటికి వచ్చేస్తారు, మర్నాడు మళ్లీ వెళ్లి పాడతారు. తల్లి మనసు రాయి చేసుకుని శరీరం లేకుండానే పాడేసినా చెల్లుతుందట. కానీ ఏ తల్లి పాడుతుంది? ఆ చరణం పాడేదాకా ఇంటి తలుపుకు గడియ పెట్టరు. మా తలుపుకు గడియ పెట్టి ఎంత కాలమైందో. గాలివాన వస్తే రెక్క ధనధనా కొట్టుకుంటుంది, అత్తయ్య లేచి కూర్చుంటుంది. ఆ చరణం పాడేదాకా నేను ఆయన భార్యనే. ఇంకో ఇంటికి వెళ్లడానికి లేదు. నాన్న వచ్చి తీసుకుపోతే ఎవరూ ఆపరు. కానీ తలుపు తీసి ఉన్న ఇంట్లోంచి లేచిపోయిన దాన్నవుతాను.

నా పని నీకు తెలుసుగా. రేవు పక్కన పాత టికెట్ల గదిని మా బావగారు, అంటే ఆయన అన్నయ్య, పాటల గది చేశారు. చేపల కంపెనీ వచ్చాక లాంచీ నిండా కొత్తవాళ్లు దిగుతున్నారు. ఐసు కొట్టేవాళ్లు, నర్సులు, పంతుళ్లు. పనిలో చేరేముందు వాళ్లకు ఈ దీవి పాటలు వినిపించి, తాము ఎక్కడికి వచ్చారో తెలియజెయ్యాలని ఆఫీసువాళ్ల ఆలోచన. బావగారు రేడియోలు బాగుచేసే మనిషి. ఊరంతా తిరిగి రికార్డు చేసినవి ఆయన దగ్గర పెట్టెలకొద్దీ ఉన్నాయి. నేను హెడ్‌ఫోన్లు అందిస్తాను, మీట నొక్కుతాను, వాళ్లు వెళ్లాక చెమట తుడుస్తాను. ఉప్పుగాలికి తీగలు పచ్చబారతాయి, వాటిని గుడ్డతో రుద్దుతాను. మాట్లాడే పని లేదనే ఒప్పుకున్నాను.

మొదట వినిపించేది తాడుపాట, వల లాగేటప్పుడు మగవాళ్లు పాడేది. బావగారు అందులో ఏదీ కత్తిరించలేదు. ఎవరో దగ్గుతారు, ఎవరో బూతు మింగేస్తారు, ఎవరో బురదలో జారి పడతారు. అప్పుడు ఒక గొంతు, "లేవరా, పడుకోడానికి అత్తారిల్లనుకున్నావా!" అని పగలబడి నవ్వుతుంది. అది మా ఆయన గొంతు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కొత్తవాళ్లు కూడా సరిగ్గా అక్కడే నవ్వుతారు. వాళ్ల ముఖాలు చూసి నాకు తెలిసిపోతుంది, ఆయన ఇప్పుడు నవ్వుతున్నాడని. నేను గోడ వైపు తిరిగి తీగలు చుడతాను.

ఒక మాట రాస్తాను, నాన్నకు చదివి వినిపించకు. రోజూ సాయంత్రం అత్తయ్య వెనక గొడుగు పట్టుకుని నిలబడతాను. పాట చివరికి వస్తుంటే, ఇవాళైనా పాడెయ్యి, పాడెయ్యి అని లోపల్లోపల వేడుకుంటాను. ఆమె ఆగిపోతుంది. కొంగుతో మూతి తుడుచుకుని, "పద, చలిగాలి" అంటుంది. ఆమె పట్టుకుంటుందని చెయ్యి అందిస్తాను. ఆ చెయ్యి చూస్తే నాకే అసహ్యం వేస్తుంది.

నీ గుసగుస

*

కోపం వచ్చినా నా ఉత్తరం చివరిదాకా చదివే అక్కకు,

ఆఖరి చరణం వినిపించింది. కానీ నువ్వు సంతోషపడకు.

పాటల గదిలో తాడుపాట తర్వాత వినిపించేది అత్తయ్య ఒడ్డుపాట, బావగారు రికార్డు చేసిందే. అది సగంలో ఎందుకు ఆగిపోతుందని కొత్తవాళ్లు ఎప్పుడూ అడిగేవాళ్లు. "ఏమ్మా, నీ మెషీను పాడైందా?" అని ఒకరు, "డబ్బా తట్టి చూడు" అని ఇంకొకరు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఎందుకు ఆగిందో చెప్పాలంటే ఎవరికోసం పాడిందో చెప్పాలి. చివరికి కంపెనీ ఆఫీసరు ఒకాయన బావగారితోనే అన్నాడు, "ఇంత మంచి పాటండీ, తోక తెగిపోయింది. పూర్తిగా ఉన్నది లేదా?"

ఉంది. బావగారి పెట్టెల్లో ఒక పాత టేపు ఉంది. మా మామగారు సముద్రంలో పోయినప్పుడు శరీరం దొరికింది. అప్పటికి అత్తయ్యకు అత్తగారు లేరు కాబట్టి తనే పాడింది. అప్పుడు ఎవరో పెద్దమనిషి యంత్రం పట్టుకొచ్చి రికార్డు చేశాడట. బావగారు ఆ టేపులోంచి ఆఖరి చరణం తీసి, మామగారి పేరున్న చోట కత్తిరించి, అక్కడ అలల చప్పుడు పోసి, ఇప్పటి పాట చివర అతికించారు. పాట అందంగా పూర్తయింది. ఆయన చెడు ఉద్దేశంతో చెయ్యలేదక్కా. వినేవాళ్ల కోసం చేశారు. పేరు తీసేస్తే అది ఎవరిదీ కాదనుకున్నారు.

రేవులో కొత్త మైకు పెట్టిన రోజున అది మొదటిసారి బయటికి వినిపించింది. నేనే మీట నొక్కాను, అతికించిన సంగతి నాకూ తెలియదు. ఒడ్డున ఆడవాళ్లు చేపలు ఎండబెడుతున్నారు, అత్తయ్య కూడా వాళ్లలో ఉంది. పాట రోజూ ఆగే చోటికి వచ్చింది. ఆగలేదు. "గట్టెక్కావు..." అని మొదలైంది. అల చప్పుడు. "...తలుపు వేసుకుంటున్నాను, ఇక పడుకో."

ఒడ్డు మీద ఆడవాళ్లందరూ ఎక్కడివాళ్లు అక్కడ నేల మీద కూర్చుండిపోయారు. ఆ చరణం చెవిన పడితే అలా కూర్చోవాలి. అత్తయ్య ఒక్కతే నిలబడి ఉంది. చేతిలో బుట్ట అలాగే ఉంది. కొత్తవాళ్లు మాత్రం చప్పట్లు కొట్టారు.

నేను ఇల్లు చేరేసరికి పక్కింటివాళ్లు వచ్చి తలుపుకు గడియ పెట్టేస్తున్నారు. గడియ తుప్పు పట్టి కదలకపోతే ఒకావిడ రాయితో కొడుతోంది. అత్తయ్య వచ్చి ఆ రాయి లాక్కుంది.

"ఎవరే నా తలుపు మూసింది?"

"నువ్వే కదొదినా పాడింది, విన్నాం కదా" అంది ఆవిడ, పాపం ఏడుస్తూనే.

"నేను పాడలేదు."

"నీ గొంతే కదా!"

"నా గొంతే. నేను పాడలేదు."

అప్పుడే బావగారు వచ్చారు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "అమ్మా, అది నాన్నకి పాడింది, పేరు తీసేశాను..." అంటుండగానే అత్తయ్య అంది, "పేరు తీసేస్తే ఎవడికి తగులుతుందిరా? ఇంటికి రానివాడు ఎవడుంటే వాడికి తగులుతుంది."

ఆయన గుమ్మంలోనే కూలబడిపోయారు. నడివయసు మనిషి, చిన్నపిల్లాడిలా మోకాళ్లలో తల పెట్టుకున్నారు.

నేను రాయలేకపోతున్నది ఇది కాదు. రేవులో ఆ చరణం వినిపించినప్పుడు ఒక్క క్షణం, నా భుజాల మీది బరువు దిగినట్టయింది. గాలి కొత్తగా లోపలికి వెళ్లినట్టయింది. బహుశా నా ముఖం వెలిగింది కూడా. కిటికీలోంచి బయటికి చూస్తే అత్తయ్య పాట వస్తున్న వైపు చూడటం లేదు. నన్నే చూస్తోంది.

ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. ఒడ్డుకు వెళ్లడం లేదు. పాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు గోడకు ఆనుకుని కూర్చుంటోంది. ఎదురుగా పెట్టినది ముట్టడం లేదు. ఒకే గదిలో ఇద్దరు మూగవాళ్లం. తలుపు మాత్రం తీసే ఉంది.

నీ గుసగుస

*

అక్కా,

నిన్న అత్తయ్య పాటల గదికి వచ్చింది.

కొత్తవాళ్లతో పాటు బల్ల మీద కూర్చుంది. తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఎవరో పై ఊరినుంచి దిగిన మనిషిలా ఉంది. నా వైపు చెయ్యి చాచి, "ఆ చెవులది ఇటియ్యి" అంది. చాలా రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. పక్కన కూర్చున్న నర్సమ్మ, "మీరు కూడా కొత్తగా వచ్చారా పెద్దమ్మా?" అని అడిగింది. "ఆఁ, కొత్తే" అంది అత్తయ్య.

తాడుపాట పెట్టాను. ఆయన నవ్వే చోట నర్సమ్మ నవ్వింది. అత్తయ్య కూడా నవ్వింది. పళ్లు కనబడేలా, బుగ్గలు వణికేలా. "మళ్లీ పెట్టు" అంది. మళ్లీ పెట్టాను. అందరూ వెళ్లిపోయినా ఆమె లేవలేదు.

"ఇప్పుడు ఒడ్డుపాట పెట్టు. మీ బావ కుట్టిందే పెట్టు."

ఆ అతుకు పాట బావగారు చెరిపెయ్యలేదు, మైకు మాత్రం ఊడదీశారు. పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని వింది. అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని చెప్పింది.

"ఈ చరణం పాడినప్పుడు నాకు నెలలు నిండాయి. నిలబడలేకపోతుంటే ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. వాడు కడుపులో తంతున్నాడు. వాడు లోపలుండి విన్న పాటతోటే వాణ్ణి పంపేశాడే వాళ్లన్న."

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. చెప్పేద్దామనుకున్నాను, రేవులో నా ముఖం ఎందుకు వెలిగిందో. "అత్తయ్యా, ఆ రోజు నేను..." అని ఆమె చీర అంచు పట్టుకున్నాను.

"చూశానులే" అంది. "తప్పేముంది? నీ వయసుకి నేనైతే తలుపు పీకి సముద్రంలో పారేసేదాన్ని."

సాయంత్రం నన్ను ఒడ్డుకు రమ్మంది. బావగారు వెనకాల వస్తుంటే, "ఆ మెషీను తెచ్చావో, నిన్నూ దాన్నీ కలిపి తోసేస్తాను" అంది. ఆయన ఖాళీ చేతులు చూపించారు. దూరంగా ఆగిపోయారు.

పాట మొదలుపెట్టింది. రోజుల తరబడి తిండిలేక గొంతు బొంగురుపోయింది. బావగారి పెట్టెలో ఉన్నంత బాగా లేదు. రోజూ ఆగే చోటికి వచ్చి ఆగింది. అలవాటుగా కొంగు మూతి దాకా వెళ్లింది. మళ్లీ కిందికి దించేసింది. సముద్రం వైపు ఒక అడుగు వేసి, ఆయన్ని పేరు పెట్టి పిలిచింది.

ఏళ్లుగా నేను వేడుకున్నది ఇదే కదక్కా. కానీ ఆ పేరు వినగానే నేనేం చేశానో తెలుసా? గొడుగు వదిలేసి, వెళ్లి ఆమె నోరు మూశాను. రెండు చేతులతో మూశాను. "వద్దత్తయ్యా, నాకోసం వద్దు, నేనెక్కడికీ పోను" అన్నాను. అన్నాను కాదు, అరిచాను. బావగారు ఉలిక్కిపడి ఇటు పరుగెత్తుకొచ్చారు.

ఆమె నా చేతులు ఒక్కొక్కటే తీసింది. అంత చిక్కిన చేతుల్లో అంత బలం ఎలా వచ్చిందో.

"నీకోసం అని ఎవరు చెప్పారే నీకు? నేను అలిసిపోయాను. వాడూ అలిసిపోయి ఉంటాడు."

పాడేసింది. బావగారు, నేను ఇసుకలో కూర్చుండిపోయాం. ఏ యంత్రమూ లేదు. ఆ చరణం ఆయన పేరుతో ఇక ఎక్కడా వినిపించదు. నువ్వు అడిగినా నేను పాడి చూపించలేను.

ఇంటికి వచ్చి గడియకు నేనే నూనె పోశాను. చాలాసేపు అటూ ఇటూ ఆడించాను. పెట్టేటప్పుడు అత్తయ్య అటు తిరిగి పడుకుంది. గడియ పడిన చప్పుడు చిన్నదే. ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఇంకెవరికోసమూ చెవి ఒగ్గి పడుకోనక్కర్లేదని తెలిసింది. నిద్ర మాత్రం పట్టలేదు, ఇద్దరికీ.

ఇవాళ బావగారు అతుకు చెరిపేశారు. ఒడ్డుపాట మళ్లీ సగంలో ఆగుతోంది. "మైకు ఇక పెట్టను, గదిలోనే వింటారు" అన్నారు. అత్తయ్యకు వినపడనంత దూరంలో నిలబడి అన్నారు. ఆమె ఆయనతో ఇంకా మాట్లాడటం లేదు. మాట్లాడుతుందో లేదో నాకు తెలియదు.

పొద్దున లాంచీలో కంపెనీ కోసం కొత్తవాళ్లు దిగారు. తాడుపాట పెట్టాను. అందరూ నవ్వారు. వాళ్లలో ఒకావిడ హెడ్‌ఫోన్లు ఒక చెవికి జరిపి అడిగింది, "ఎవరండీ ఆ నవ్వేది? భలే మనిషిలా ఉన్నాడు."

"మా ఆయన" అన్నాను.

"అవునా! ఇప్పుడు వేటకెళ్లారా?"

"చనిపోయారు" అన్నాను.

ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. గది చివర తీగలు సర్దుకుంటున్న బావగారు కూడా తలెత్తి చూశారు, అంత గట్టిగా అన్నాను. తర్వాత ఒడ్డుపాట పెట్టి, అది ఆగిపోయాక, మెషీను పాడైందా అని ఎవరూ అడగకముందే నేను లేచి నిలబడ్డాను. ఎందుకు ఆగిందో చెప్పాను. ఎవరికోసం పాడిందో చెప్పాను. నా గొంతు వణికింది కానీ ఆగలేదు.

వచ్చే లాంచీకి నేను బయల్దేరడం లేదు. అత్తయ్య నోట్లో రెండు ముద్దలు పడేదాకా కదలను. ఆ మోటార్ల మనిషి సంగతి నాన్నతో నువ్వు మాట్లాడకు. చిన్నప్పటి నుంచీ నా మాటలన్నీ నువ్వే మోసుకెళ్లి చెప్పేదానివి. అవునో కాదో ఈసారి నేనే వచ్చి నాన్న ఎదురుగా నిలబడి చెబుతాను.

నీ చెల్లెలు