వార్నిష్ కొట్టిన గుమ్మడికాయ

హార్లన్ క్రీక్
అక్టోబరు 26, ఆదివారం

నా చిన్నారి మార్లిస్‌కి,

చర్చి నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు "అక్కా, మోకాలెలా ఉంది?" అంటావు. నేను మోకాలి సంగతి చెప్పి పెట్టేస్తాను. ఏడాదిగా మనం మోకాలి గురించే మాట్లాడుకుంటున్నాం.

ఇవాళ ఆరాధన అయ్యాక గ్వెన్ ప్రాట్ లేచి కమిటీ తీర్మానం చదివింది. చర్చి పచ్చికలో అమ్మకానికి పెట్టిన గుమ్మడికాయల్లో హాలోవీన్ నాటికి ఎన్ని మిగిలితే అన్నీ చెత్త లారీకే. వాటితో సంఘ విందు ఉండదు. "కిందటేడు జరిగింది మనందరికీ గుర్తుంది కదా" అంది. నా వైపు చూడలేదు. మిగతా అందరూ చూశారు.

నీకూ గుర్తుంది. ఆ విందులో నా గుమ్మడి సూప్ తాగి పదకొండు మంది వాంతులు చేసుకున్నారు. ఎనభై ఒక్కేళ్ళ హెస్టర్ రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇరవై రెండేళ్ళు చర్చి వంటగది తాళంచెవి నా మెడలో ఉండేది. ఆ వారమే గ్వెన్ వచ్చి, "ఇక విశ్రాంతి తీసుకోండి థియా గారూ" అని చెయ్యి చాచింది. ఇచ్చేశాను. ఆనాటి నుంచి ఈ ఊళ్ళో నా చేతి వంట ఎవరూ ముట్టలేదు. జులైలో పొరుగింట్లో చావు జరిగితే రొట్టె చేసి తీసుకెళ్ళాను. మర్నాడు అది వాళ్ళ చెత్తడబ్బాలో, గుడ్డ కూడా విప్పకుండా కనిపించింది.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతున్నాను. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక పళ్ళేలు కడుగుతుంటే, గుమ్మడికాయల్ని తొక్కతో కాల్చిన పళ్ళెంలో గాజులా మెరిసే పలచటి పొర అంటుకుని ఉంది. ఒలిచి చూశాను. వార్నిష్. ఆ కాయ నాకు తెలుసు. బాతు మెడలా వంకర తిరిగిన దాని తొడిమ పళ్ళెంలోనే ఉంది. నెల్లాళ్ళు నీ ఇంటి మెట్ల మీద తళతళలాడుతూ కూర్చుంది. దారిన పోయేవాళ్ళు ఆగి మెచ్చుకునేవారు. నిగనిగలాడాలని వార్నిష్ కొట్టావు, తర్వాత తెచ్చి చర్చి వంటగదిలో నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. ఒక్క మాట చెప్పలేదు.

ఆ పొరని ఏప్రన్ జేబులో వేసుకున్నాను. ఎవరికీ చూపలేదు. అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్ళు. నీ జడలు నేనే వేశాను, నీ జ్వరాలకి నేనే మేలుకున్నాను, ఈ నిందా నేనే మోస్తాను అనుకున్నాను. నువ్వే వచ్చి చెబుతావని ఎదురు చూశాను. నువ్వు మార్చిలో ఉద్యోగమని ఊరు మారిపోయావు.

ఇక మోయను. ఇవాళ మధ్యాహ్నమే నా ఇంటి ముందు చెక్క పలక ఒకటి రాసి పాతాను. "గుమ్మడికాయలు చెత్తలో వేయకండి. ఇక్కడ వేయండి." నవంబరు తొమ్మిదిన, ఆరాధన అయ్యాక, నా వాకిట్లో సూప్ పెడతాను. తినేవాళ్ళు తింటారు. ఆ రోజు నువ్వు రావాలి. సంఘంలో లేచి ఆ కాయ ఎవరిదో చెప్పాలి. బతిమాలుతున్నానని అనుకోకు.

నీ కోసం రోజూ ప్రార్థిస్తూనే ఉన్నాను. అందులో మార్పు లేదు.

నీ అక్క,
థియా


నవంబరు 1, శనివారం

మార్లిస్‌కి,

నీ నుంచి జవాబు లేదు. సరే. ఇక్కడ జరిగింది రాస్తాను.

పొద్దున ఆరున్నరకి పందులు పెంచే ఓర్విల్ ట్రక్కు వేసుకొచ్చాడు. ఇద్దరం కలిసి చర్చి పచ్చిక మీది కాయల్ని ఎక్కించడం మొదలుపెట్టాం. చెత్త లారీ ఎనిమిదింటికి రావాలి. సగం ఎక్కించేసరికి గ్వెన్ ఇంటి చెప్పులతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఇవి చర్చి సొత్తు, థియా గారూ."

"లారీ ఎక్కేదాకా చర్చివి. ఎక్కాక ఎవరివమ్మా?" అన్నాడు ఓర్విల్.

"తీర్మానం అయింది."

"మా పందులు ఆ మీటింగుకి రాలేదు. వాటికి తెలీదు."

గ్వెన్ అతన్ని వదిలేసి నా వైపు తిరిగింది. "ఏం పెడుతున్నారో పందులకైనా చూసుకుని పెట్టండి. అవి ఆసుపత్రికి కూడా వెళ్ళలేవు."

పెద్ద కాయ ఒకటి ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాను. ఏం చేయాలో తెలియక ఒక నిమిషం అలాగే మోస్తూ నిలబడింది. తర్వాత తనే ట్రక్కులో పెట్టింది. "నా నడుం పట్టేసింది" అని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఊళ్ళోవాళ్ళు కూడా తెస్తున్నారు మార్లిస్. నా వంట తినరు గానీ కాయలు మాత్రం తెస్తున్నారు. కారు ఆపి, గేటు బయట దింపి, చెయ్యి ఊపి పోతారు. మధ్యాహ్నానికి వాకిలి నిండా హాలోవీన్‌కి కాయల మీద చెక్కిన, నోళ్ళు తెరుచుకున్న ముఖాలే. కళ్ళు చెక్కినవి, పళ్ళు చెక్కినవి, ఒక రోజుకే బుగ్గలు పీక్కుపోయినవి. ముసలి సంఘంలా ఉందన్నాడు ఓర్విల్.

మూడు కుప్పలు చేశాను. ముఖాలు చెక్కి దీపం పెట్టినవి ఆరుబయట పాడవుతాయి, మనుషులకి పనికిరావు. లోపలి మైనం గీకేసి పందులకి, కోళ్ళకి. రంగు, జిగురు, మెరుపుపొడి తగిలినవి ఎవరి నోటికీ వెళ్ళకూడదు. వాటి నెత్తి కోసి, మట్టి నింపి, చామంతులు నాటాను. గేటుకి రెండు పక్కలా వరసగా పెట్టాను. కత్తి పడని, ఏమీ పూయని కాయలు నలభై ఆరు. అవి వంటకి. గింజలు కడిగి దుప్పటి మీద ఆరబోశాను. ఉప్పు పట్టించి వేయించాలి. గుజ్జు కొంత దాల్చినచెక్కతో, ఆపిల్ రసంతో చిక్కబడేదాకా ఉడికించి సీసాల్లో పోస్తాను. రొట్టెకి రాసుకోవచ్చు. ఎవరు రాసుకుంటారో ప్రభువుకే తెలియాలి.

కిందటేడు నేను చేసిన ఒక తప్పు కూడా రాయాలి. కాయలు కాలుతున్నప్పుడు పొయ్యిలోంచి పెయింటు వాసన వచ్చింది. పొయ్యి కొత్తది కదా, అదేలే అనుకున్నాను. ఆపి చూడలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ప్రార్థనలో కూడా.

అయినా కాయ నీది. తొమ్మిదో తేదీ ఆదివారం నీ కోసం ముందు వరసలో చోటు ఉంచుతాను.

థియా


నవంబరు 9, ఆదివారం సాయంత్రం

నా మార్లిస్‌కి,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. నాలుగే వాక్యాలు. అవి నాకు కంఠస్థం అయిపోయాయి. "అక్కా, ఆ కాయ అడుగున తెల్ల టేపు అంటించి రాశాను: వార్నిష్ కొట్టింది, బల్ల మీద అలంకారానికే, వండొద్దు. నువ్వు చదివి, హడావిడిలో మర్చిపోయావనుకున్నాను. అందరూ నిన్ను అంటుంటే ఆ టేపు మాట ఎత్తి నిన్ను ఇంకా చిన్నబుచ్చలేకపోయాను. అక్కడే ఉంటే ఎప్పుడో నోరు జారుతుందని ఊరు మారాను."

కుర్చీలో కూర్చుండిపోయాను. టేపు గుర్తొచ్చింది. కాయలు పంపే తోటవాళ్ళు ధర రాసి కాయ అడుగున అంటించేది కూడా తెల్ల టేపే. ఆ రోజు ముప్పై కాయలకి వరసగా పీకాను. కళ్ళజోడు కిటికీ దగ్గర పెట్టి ఉంది. ఉండ చుట్టి పారేశాను, ఒక్కటీ చదవలేదు.

మొదట నీ మీద కోపం వచ్చింది. అలాంటి మాట అడుగున రాస్తారా ఎవరైనా, పైన రాయాలి గానీ, అని గోడతో వాదించాను. రెండు రోజులు వాదించాను. ప్రార్థనకి మోకరిస్తే మాట రాలేదు. శుక్రవారం రాత్రికి ఒక్క మాట వచ్చింది: "నాదే." ఏడాది పాటు నీ తప్పు మోస్తున్నానని నాలో నేను ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. అన్నాళ్ళూ మోసింది నువ్వు. పైగా నేను నిన్ను బోనెక్కమని ఉత్తరం రాశాను. క్షమించు. ఇంకోసారి అడగను, ఇదే అడగడం.

ఇవాళ ఆరాధనలో, ఎవరి సంతోషాలూ భారాలూ వాళ్ళు చెప్పుకునే సమయంలో, లేచాను. నీకోసమని ఉంచిన చోటు ఖాళీగా ఉంది. అదే మంచిదైంది.

"కిందటేడు సూప్ పాడుచేసింది నేనే. వండొద్దని రాసి ఉన్న టేపుని చదవకుండా పీకేశాను. కాలుతుంటే వాసన వచ్చినా ఆపలేదు. సాయంత్రం పళ్ళెంలో వార్నిష్ పొర దొరికితే దాచేశాను. హెస్టర్ గారూ, మీరు ఆసుపత్రిలో ఉండగా మీ డాక్టరుకి కూడా చెప్పలేదు. క్షమించండి."

నేను కూర్చోలేదు.

"ఇవాళ మళ్ళీ వండాను. పన్నెండింటికి మా వాకిట్లో."

గ్వెన్ తిరిగి చూసింది. "ఇంత చెప్పి, ఇంకా తినమంటున్నారా?"

"తినమనడం లేదు గ్వెన్. వండానని చెబుతున్నాను."

పన్నెండు దాటింది. ఓర్విల్ వచ్చాడు గానీ అతను లెక్కలోకి రాడు, అతను ఏదైనా తింటాడు. కొందరు గేటు బయట చామంతులు చూస్తున్నట్టు నిలబడ్డారు. పన్నెండున్నరకి హెస్టర్ వచ్చింది, చేతికర్రతో, మనవరాలి భుజం పట్టుకుని. నా ఎదురుగా బల్ల దగ్గర కూర్చుంది.

"సూప్ పొయ్యి. ముందు నువ్వు తాగు."

నా గిన్నెలో పోసుకుని ఆమె చూస్తుండగా తాగాను. ఆమె చూస్తూనే ఉంది.

"మొత్తం తాగు."

మొత్తం తాగాను.

"ఏడాది క్రితం ఈ మాటే చెప్పి ఉంటే రెండు రోజుల్లో మర్చిపోయేదాన్ని. పాపిష్టిదానా, ఏడాది పాటు నాకు కడుపులో రోగం ఉందనుకున్నాను. వీలునామా కూడా మార్చాను."

"ఎవరి పేరుకి?"

"నీకెందుకు? నాకు పొయ్యి."

తాగింది. పెదాలు తుడుచుకుని, గేటు బయట ఉన్నవాళ్ళకి వినపడేలా, "ఉప్పు తక్కువ" అంది. మార్లిస్, ఇరవై రెండేళ్ళలో నా వంటకి అంత మంచి మాట ఎవరూ అనలేదు. తర్వాత ఏడుగురు లోపలికి వచ్చారు. ఏడుగురే. గ్వెన్ రాలేదు. మిగతావాళ్ళు ఇళ్ళకి పోయారు, వాళ్ళకి ఆ హక్కుంది. పాస్టరు గారు రెండో గిన్నె తాగుతూ, తాళంచెవి సంగతి కమిటీలో మాట్లాడతానన్నారు. వద్దన్నాను. ఆ వంటగదిని గ్వెన్ బాగానే చూసుకుంటోంది. నేను వచ్చే ఏడూ ఇక్కడే, ఈ వాకిట్లోనే వండుతాను, ముగ్గురొచ్చినా, ముగ్గురూ ఓర్విల్‌లే అయినా. పలక మీద ఒక వాక్యం కలుపుతాను: "కాయకి ఏం పూశారో నాకు నోటితో చెప్పి వెళ్ళండి."

నువ్వు ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. అయినా రా. ఇరవై కాయలు ఇంకా వరండాలో ఉన్నాయి, మంచు పడితే మెత్తబడిపోతాయి. వచ్చేటప్పుడు నీ కత్తి నువ్వు తెచ్చుకో. నాది ఇవ్వను.

నీ మొండి అక్క,
థియా