పదిహేడో కుర్చీ మీది దస్తీ

తార్నాకలో రైలు పట్టాలకు ఇవతలి సందులో, రెండో అంతస్తు గదిలో అద్దెకుంటున్న నేను, చిలుకమర్రి పరుశురాం, తండ్రి కీర్తిశేషులు వెంకటనర్సయ్య, వయస్సు నలభై ఆరు, విశ్వవిద్యాలయ పఠనమందిరంలో అటెండరును, వచ్చే బుధవారం నా గుండెకు శస్త్రచికిత్స జరుగనున్నందున ఈ వీలునామా రాస్తున్నాను. గుండె సంగతి డాక్టర్లు చెప్పాలి. బుద్ధి మాత్రం స్వస్థంగా ఉన్నదని నేనే చెప్పగలను. ఎవరి ఒత్తిడీ లేదు. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు గనుక రద్దు చేయవలసిందీ లేదు.

ఎవరికి ఏమి చెందాలో రాసేముందు ఏమి జరిగిందో వరుసగా రాయాలి. అది లేకుండా తర్వాతి అంశాలు ఎవరికీ అర్థం కావు.

ముందు జరిగినవి:

1. మా పఠనమందిరంలో కుర్చీలు నలభై. పోటీ పరీక్షలకు చదివేవారు రెండు వందలకు తక్కువ కారు. బస్సు కిటికీలోంచి సీటు మీద చేతిరుమాలు వేసినట్టే ఇక్కడ కుర్చీ మీద దస్తీ వేసి, టీ తాగి వస్తారు. తాళం లేదు, కావలి లేదు. అయినా ఆ గుడ్డముక్కను ఎవరూ తీయరు. నియమం ఒక్కటే: ఆనాటి రిజిస్టరులో సంతకం లేనివారి దస్తీని అరగంట తర్వాత అటెండరు తీసివేయవచ్చు.

2. 2009 జూన్ 15, సోమవారం నాడు నరేందర్ అనే విద్యార్థి పదిహేడో కుర్చీ మీద నీలిగళ్ల దస్తీ వేసి, "అన్నా, ఊరికి పోయి రేపస్త. నా జాగ చూడు" అని చెప్పి వెళ్ళాడు. మర్నాడు రాలేదు. అతని జాగ పోకూడదని ఆరు రోజులు అతని సంతకం నేనే పెట్టాను. ఇది మొదటి అబద్ధం. దయతో చెప్పినది.

3. ఏడో రోజు అతను ఫోన్ చేశాడు. "ఇగ రానన్నా. విత్తనాల దుకాణం పెడుతున్న. దస్తీ పారేయ్." నేను పారేయలేదు. ఇది రెండవది. దీనికి దయ అని పేరు పెట్టలేను.

4. కారణం ఇది. ఆ ఆరు రోజుల్లో పదిహేడో కుర్చీ ఉన్న బల్ల దగ్గర జాగల కొట్లాట ఆగిపోయింది. "ఎవడురా గీయన? మనకంటే ముందొస్తుండు, మనకంటే ఎనుక పోతుండు" అని ఒకరంటే, "లోపటి గదిల లావు పుస్తకాలు చదువుతుంటడు, నేను చూసిన" అని ఇంకొకరు అన్నారు. లేని మనిషిని చూశామని చెప్పుకుంటూ, అతని ముందు చిన్నబోకూడదని వీళ్ళు మరో గంట కూర్చునేవారు. స్టూలు మీద కూర్చొని ఇదంతా విన్నాను. ఆపాలనిపించలేదు.

5. ఆ ఆదివారం మా సందు చివరి చర్చిలో చదువుతున్న ఒక పేరు నా కిటికీలోంచి వినబడింది. సోమవారం నుంచి రిజిస్టరులో, ఎడమచేత్తో, "దానియేలు" అని రాయసాగాను. వారానికొకసారి దస్తీ ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి మార్చాను. బల్ల మీద అతనిదన్నట్టు ఒక పుస్తకం ఉంచి, అందులోని కాగితపు ముక్కను రోజుకు పన్నెండు పేజీలు ముందుకు జరిపాను. ఏ పేజీలు జరిపానో అవి ముందుగా నేను చదివాను. పదో తరగతి తప్పిన నేను పదహారేండ్లలో ఆ విధంగా నూట తొంభై మూడు పుస్తకాలు పూర్తిచేశాను. జాబితా జతపరిచాను.

6. కొన్ని మధ్యాహ్నాలు, ఫ్యాన్లు అన్నీ ఒకే శ్రుతిలో తిరుగుతున్నప్పుడు, తురాయి కొమ్మ నీడ బల్ల మీద నీళ్ళలో కదిలినట్టు కదులుతున్నప్పుడు, సీతాఫల్‌మండి దిక్కు నుంచి రైలు కూత సగం వినిపించి ఆగినప్పుడు, ఆ కుర్చీలో ఒక మనిషి వీపు నాకు కనబడేది. సన్నటి మెడ, మోచేతులు బల్ల మీద. అతను తలెత్తేవాడు కాదు. పిలిస్తే లేచిపోతాడేమోనని నేను పిలిచేవాణ్ని కాదు.

7. తర్వాత చీటీలు మొదలయ్యాయి. "దానియేలన్నకు" అని రాసి పుస్తకం కింద పెట్టేవారు. లెక్కలు అడిగేవారు, దారి అడిగేవారు. వెతికి, చదివి, ఎడమచేత్తో జవాబు రాసేవాణ్ని. 2018 ఫిబ్రవరిలో ఒక చీటీలో ఇలా ఉన్నది: "అన్నా, మూడోసారి ఫేలైన. ఇంటికి పోవాల్నా?" నేను రాసిన జవాబు: "రేపు ఒక్కరోజు రా. ఎల్లుండి సంగతి ఎల్లుండి అడుగు." ఆ చీటీ రాసిన అమ్మాయి పేరు భూమిక. ఆమె మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

8. భూమిక ఇప్పుడు అదే క్యాంపస్‌లో మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. ఆమె విషయం: ఒక గుడ్డముక్కకు ఇందరు ముక్కూమొహం తెలియని మనుషులు ఎందుకు కట్టుబడతారు? ఆమె చూపే ప్రధాన ఆధారం పదిహేడో కుర్చీ, పదకొండు సంపుటాల రిజిస్టరు. మనిషి నమ్మకంగా వస్తున్నాడు గనుకనే అతని జాగను అందరూ నమ్మకంగా కాపాడుతున్నారని ఆమె రాసింది. "నిజంగ వస్తడా సార్?" అని నన్ను అడిగింది. "వస్తడు బిడ్డా" అని చెప్పాను. సిద్ధాంతగ్రంథం సమర్పించవలసిన తేదీ నవంబరు 20.

9. మొన్న శ్రావణంలో నాకు గుండె నొప్పి వచ్చి ఇరవై ఒక్క రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మత్తులో ఒక కల పదేపదే వచ్చింది. నలభై కుర్చీల మీద నలభై దస్తీలు. మనుషులు లేరు. ఫ్యాన్ గాలికి పేజీలు వాటంతట అవే తిరుగుతున్నాయి. ఎవరికోసం పట్టిన జాగలో నాకు తెలియదు. నేను మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. తిరిగి పనికి వెళ్ళేసరికి పదిహేడో కుర్చీ మీది దస్తీ తెల్లగా, ఉతికి ఉన్నది. మడతలు మూడు. అది నా మడత కాదు.

ఇక పంపకాలు:

మొదటి అంశం. సీతాఫల్‌మండిలో ఉంటున్న నా చెల్లెలు వాసంతికి బ్యాంకులోనూ భవిష్యనిధిలోనూ ఉన్నదంతా, గదిలోని సామానుతో సహా, సర్వహక్కులతో చెందాలి. ఇస్త్రీపెట్టెను విడిగా పేర్కొంటున్నాను. అది ఆమె ఇంట్లోనే ఉన్నది. పదహారేండ్లు ప్రతి శనివారం అక్కడికి వెళ్ళి ఒక దస్తీ ఇస్త్రీ చేసుకొని వచ్చాను. ఒక్కసారే అడిగింది: "నీకు సర్ది అయినట్టు కూడ చూడలే అన్నా, గిన్ని దస్తీలేంది?" దస్తీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు, పెట్టెను మాత్రం శనివారం నా కంటే ముందే వేడిచేసి ఉంచేది.

రెండవ అంశం. వాసంతి భర్త ముఖేష్‌కు కొత్త తెల్ల దస్తీ ఒకటి. 2011లో కాచిగూడ వెళ్ళే బస్సులో ఒక ముసలమ్మ వేసిన దస్తీని తీసి పక్కన పడేసి ఆయన కూర్చున్నాడు. ఆమె అడిగితే, "దస్తీకి రిజిస్ట్రేషన్ ఉన్నదా అమ్మా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ముసలమ్మ పక్కన కాచిగూడ దాకా నేనూ నిలబడ్డాను. అది నిరసన అని ఆయనకు తెలియలేదు. "బావకు నిలబడుడంటే ఇష్టం" అని ఇంట్లో చెప్పాడు. క్షమించానని ఇక్కడ రాయడానికి రెండుసార్లు ప్రయత్నించాను. ఇంకా రాలేదు. పైన చెప్పిన దస్తీకి రిజిస్ట్రేషన్ లేదు.

మూడవ అంశం. నరేందర్‌కు అతని నీలిగళ్ల దస్తీ. అంచులు రెండుసార్లు కుట్టించాను. అతను 2016లో భార్యతో వచ్చి, హాలంతా చూపించి, పదిహేడో కుర్చీ దగ్గర ఆగి, "ఎవరిదన్నా గీ జాగ?" అని అడిగాడు. నీదే అని చెప్పవలసింది. "ఒకాయనది" అన్నాను. "మంచిగ చదువుతున్నడా?" అన్నాడు. చదువుతున్నాడన్నాను. అతను సంతోషపడి వెళ్ళాడు. ఈ ఒక్క అబద్ధానికి మాత్రం నాకు పశ్చాత్తాపం లేదు.

నాలుగవ అంశం. హాలు ఊడ్చే శివమ్మకు నా స్టూలు. అది సంస్థది కాదు, 2004లో నేను కొన్నది. ఆమె మధ్యాహ్నం నేల మీద కూర్చొని తింటుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మూడు మడతల సంగతి ఆమెను అడిగాను. "ఎరుక లేదనుకున్నవా సారూ? పదేండ్ల సంది ఎరుకే. కుర్చీ కింద చెప్పుల మన్ను ఏడున్నది? మనిషి కూసుంటే మన్ను పడదా?" అన్నది. ఎవరికైనా చెప్పావా అంటే, "ఎందుకు చెప్తా? పోరగాండ్లు మంచిగ చదువుకుంటుండ్రు" అన్నది. మొదటి వారం దస్తీ మార్చింది ఆమే. రెండో వారం మార్చడానికి పోతే అప్పటికే ఎవరో మార్చి ఉన్నారట. ఎవరో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. నేను ఒక్కణ్నే మోసగాణ్నని పదహారేండ్లు అనుకున్నాను. ఆ హాలులో ఎందరికి తెలిసి ఎందరు తెలియనట్టు ఉన్నారో ఊహించి రాయడం నా పని కాదు.

ఐదవ అంశం. పుస్తకాలకు బైండింగు చేసి విరమణ పొందిన, హబ్సిగూడలో ఉంటున్న నా స్నేహితుడు యోహాను ఈ వీలునామాకు సాక్షిగా ఉండి, దీన్ని అమలు చేయాలి. ఆయనకు ఏమీ రాయలేదు. సాక్షులకు ఏదీ రాయకపోవడం మంచిదని వకీలు చెప్పారు. "ఇరవై ఏండ్ల దోస్తీకి సంతకమొక్కటేనా?" అని ఆయన సణిగాడు. ఔను.

ఆరవ అంశం. నిజం రాసిన నా నోటుబుక్కులు పదకొండు, చీటీలు మూడు వందల నలభై, భూమికకు చెందాలి. ఏ రోజు ఏ సంతకం నేను పెట్టానో వాటిలో ఉన్నది. వీటిని సీలు వేసిన కవరులో నా మరణానంతరం మాత్రమే ఆమెకు ఇవ్వాలి.

పై వాక్యాన్ని నిన్న రాశాను. ఈ ఉదయం చదివి కొట్టివేస్తున్నాను. కారణం రాయడం నా ధర్మం. నేను లేనప్పుడు తెరవమని నిజాన్ని కవరులో పెట్టి పోవడం కుర్చీ మీద దస్తీ వేసి పోవడమే. అప్పటికి ఆమె గ్రంథం సమర్పించి ఉంటుంది. ఆమె అడగడానికి నేను ఉండను. ఒక జీవితంలో అలాంటి దస్తీ ఒకటి చాలు.

కనుక ఈ రోజు భూమికను గదికి పిలిచి, యోహాను ఎదుట, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఈ కాగితాలు ఆమె చేతికిచ్చాను. పదిహేను నిమిషాల్లో చదివింది.

"నా ముఖం చూసి చెప్పిండ్రు సార్, వస్తడని. మూడుసార్లు చెప్పిండ్రు."

నా నోటుబుక్కులో నాలుగని ఉన్నది. ఆ మాటే చెప్పాను.

"లెక్క మాత్రం బాగనే పెట్టిండ్రు" అని లేచి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూశాను. మెట్రో స్టేషన్ దాకా పోయింది, మెట్లు ఎక్కలేదు, క్యాంపస్ గేటు వైపు మళ్ళింది. ఎండ తెల్లగా ఉన్నది. ఆమె ఎంతసేపు నడిచిందంటే, నడుస్తున్నది ఆమేనా లేక నేనే ఊహిస్తున్నానా అన్నట్టు అనిపించింది. యోహాను టీ పెట్టాడు. నేను తాగలేదు.

మూడు గంటల ఇరవై నిమిషాలకు తిరిగి వచ్చింది. నిలబడే ఫోను వెనక కవరు ఊడదీసి, లోపలి చీటీ తీసింది. ఏడేండ్ల కింద నేను రాసినది.

"గిది మీరేనా?"

"నేనే."

"ఎడమచేత్తోనా?"

"ఔను."

"గందుకే అక్షరాలన్ని పండుకున్నయి." చీటీని మళ్ళీ ఫోను వెనక పెట్టి, "గ్రంథం ఇరవైకి ఇయ్య. గడువు అడుగుత. ఉన్న మనిషి గురించి రాసిన. ఇప్పుడు లేని మనిషి గురించి రాయాలె, అది ఇంక కష్టం" అన్నది. క్షమించానని అనలేదు. నేను అడగలేదు. రిజిస్టరు గురించి అధికారులకు లేఖ కూడా రాసి ఆమె ఎదుటే కవరులో పెట్టాను. తప్పు ఒక్కడిది, శిక్ష ఉంటే ఆ ఒక్కడికే.

ఆ తర్వాత ఆమె ఈ కాగితం మీద ఆరవ అంశాన్ని వేలితో చూపి, "నాకు రాసింది మొత్తం కొట్టేయుండ్రి. నోటుబుక్కులు ఇప్పుడే ఇయ్యుండ్రి. సాక్షి సంతకం నేను పెడ్త" అన్నది. ఎందుకని యోహాను అడిగాడు. "సాక్షంటే చూసినోళ్లు కద అంకుల్. దానియేలును చూడలే. ఈయనను చూసిన."

అందువల్ల ఆరవ అంశం పూర్తిగా రద్దయినది. నోటుబుక్కులు, చీటీలు ఆమె చేతికి ఇచ్చాను.

ఏడవ అంశం. ఇది నేను రాయాలనుకున్నది కాదు. వెళ్ళబోతూ భూమిక తన సంచిలోంచి పసుపుపచ్చ దస్తీ ఒకటి తీసి చూపింది. "రేపటి సంది పదిహేడు మీద గిది ఉంటది. మీ పేరు మీద. అరగంట నియమం నాకు చెప్పకుండ్రి సార్." ఇరవై రెండేండ్లలో ఆ హాలులో నేను ఏ కుర్చీలోనూ కూర్చోలేదని ఆమెకు ఎలా తెలుసో అడగలేదు. ఆమె చూసి ఉంటుంది.

కనుక ఇలా నిర్దేశిస్తున్నాను. నేను బుధవారం దాటి తిరిగి వస్తే, రిజిస్టరులో కుడిచేత్తో కింది పేరే రాసి, వచ్చిన సమయం వేసి, ఆ కుర్చీలో కూర్చుంటాను. రాకపోతే, యోహాను ఆ పసుపు దస్తీని ఉతికించి, ఎన్ని మడతలైనా సరే, భూమికకు తిరిగి ఇవ్వాలి. కుర్చీని ఆ సమయానికి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నవారికి చూపాలి.

తేదీ: 2025 నవంబరు 9, ఆదివారం. స్థలం: తార్నాక.

సాక్షులు:
1. యోహాను, హబ్సిగూడ.
2. భూమిక, పరిశోధక విద్యార్థిని.

సమయం: సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలు.

కుడిచేతి సంతకం:
చిలుకమర్రి పరుశురాం