అత్తయ్యగారి మోకాలి నొప్పి

కాట్రేనికోన

మావారికి మీ ప్రసన్న వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. ఆ కువైట్ ఎండల్లో మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. సెలవు ముగిసి తిరిగి అక్కడికే వస్తున్న మన వీధి ఏసుపాదంగారి చేత, ఆవకాయతోపాటు ఈ ఉత్తరం పంపుతున్నాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఉత్తరమేమిటని నవ్వకండి. కొన్ని మాటలు మీ గొంతు వింటూ చెప్పలేను.

కొబ్బరి దింపు తీయించారా అని అడిగారు. తీయించాం, ఈసారి కాయ చిన్నది. అత్తయ్యగారి మోకాలి సంగతి ఊళ్లోవాళ్లు చెబితేగానీ తెలియలేదని మొన్న కోప్పడ్డారు. ఆ మోకాలికి ఏ జబ్బూ లేదండి.

నర్సు అనురాధ రోజూ పొద్దున్నే ఇంజెక్షన్ చెయ్యడానికి మనింటికి వస్తోంది. ఎవరికని పక్కింటివాళ్లు అడిగితే అత్తయ్యగారు తడుముకోకుండా "నాకేనండి, మోకాలికి" అనేశారు. ఆ వారమే కూడికలో ఆడవాళ్లంతా ఆవిడ మోకాలి కోసం ప్రార్థన చేశారు. ఇక కుంటక తప్పుతుందా! ఓరోజు కుడికాలు, ఓరోజు ఎడమకాలు. "లేని నొప్పికి ప్రార్థన చేయించుకున్నాం, తప్పు కాదాండీ?" అన్నాను. "ఎవరికి చేరాలో ఆయనకి తెలీదేంటమ్మా? నువ్వెళ్లి పడుకో" అన్నారు.

ఆ ఇంజెక్షన్లు నాకు.

ఆసుపత్రిలో భద్రపరిచిన మన పిండాన్ని ఇప్పట్లో నా కడుపులో పెట్టరని మీతో చెప్పాను కదా. పెట్టారండి. ఇదివరకు రెండుసార్లు గర్భం పోయినప్పుడు మీరు ఫోన్లో ఏడ్చారు. అది మళ్లీ వినలేక అబద్ధమాడాను. ఈసారీ గర్భం వచ్చింది, కానీ రక్తపరీక్షలో ప్రొజెస్టిరాన్ బాగా తక్కువుంది. గర్భాన్ని నిలబెట్టే హార్మోనట అది. తగ్గితే జారిపోయే భయం ఎక్కువని చెప్పి, మాత్రలకి తోడు ఇంజెక్షన్లు రాశారు డాక్టరమ్మ. ఆరోజు అమలాపురం నుంచి బస్సులో వస్తూ ప్రతి కుదుపుకీ పొట్ట పట్టుకున్నాను.

నిన్న మళ్లీ పరీక్ష చేశారు. హార్మోన్ పెరిగింది. స్కానింగులో గుండె కొట్టుకోవడం చూశాను. ఎంత తొందరగా కొట్టుకుంటోందో! ఇంకా గట్టెక్కలేదు, మూడో నెల దాటాలన్నారు. అయినా ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

కోపమొస్తే తిట్టండి, పడతాను. అత్తయ్యగారు పక్కనే ఉన్నా, ఈ భయం మీతో కలిసి పడాల్సింది. ఒక్కదాన్నే మొయ్యడం ఇక నావల్ల కాదు. ఉత్తరం చదవగానే ఫోన్ చెయ్యండి. ధైర్యం చెప్పకండి. కాసేపు నాతోపాటు భయపడండి, చాలు.

ఇట్లు,
ఇద్దరి తరఫునా,
మీ భార్య ప్రసన్న