పెద్దబాపు చెయ్యి పట్టుకున్నాను

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. తుకుం బస్తీలో, మనల్ని పెంచిన పెద్దబాపు ఇంట్లోనే నీ సంవత్సరీకం చేశారు. భోజనాలయ్యాక ఆయన మనవరాలు పింకీ అందరి ముందూ కథ మొదలుపెట్టింది. సాస్తి బొగ్గు గనిలో ఒక చేప ఉందట, బొగ్గు తిని నిప్పులు కక్కుతుందట.

"గనిల చేపేంది? అబద్ధాలు చెప్తవా?" అని పెద్దబాపు చెయ్యెత్తాడు.

చిన్నప్పుడు నీ కథకూ ఇదే మాట అని, నడిబజారులో నిన్ను కొట్టాడు. ఆ తర్వాత నువ్వు నాక్కూడా ఒక్క కథ చెప్పలేదు.

నేను లేచి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఇడువు బిడ్డా. గిట్లయితే పిల్ల చెడిపోతది," అన్నాడు.

"మా అన్న చెడిపోలే పెద్దబాపూ, నోరు మూతవడ్డది. కూసో. మొత్తం ఇను."

చుట్టాలందరూ చూస్తుండగా ఆయన కూర్చున్నాడు. నేను మణికట్టు వదలకుండా పక్కనే కూర్చున్నాను. పింకీ భయంభయంగానే మళ్లీ అందుకుంది. చేప విరూర్ స్టేషన్‌లో రైలెక్కి, టికెట్ అడిగినవాడి టోపీ కాల్చేసింది. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

"చెయ్యి నొస్తుంది, ఇడువు," అని గొణిగాడు.

నాకు జాలి కలగలేదన్నా. పట్టు ఇంకాస్త బిగించి, "తర్వాతేమైందే పింకీ?" అని అడిగాను.