వజ్రంలోని పలుకు

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. డాక్టరు చెప్పే అర్థంలో క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని రాశారు, సంతోషం. వేళకు తింటున్నానా అని అడిగారు. తింటున్నాను. మీ అమ్మాయి బట్టలు ఎవరికైనా ఇచ్చేశానా అని అడిగారు. లేదు. బీరువా తెరవలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. "మా అమ్మాయి పేరు ఆ రాయికి ఖాయమైందా? పెళ్లితో దాని ఇంటిపేరు పోయింది, ఇప్పుడు రాయికైనా దాని పేరు రావాలి కదా నాయనా" అని రాశారు. చదివి నవ్వాను. జవాబు రాయడానికి మాత్రం ఇంతకాలం పట్టింది.

మొదట్నుంచీ చెబుతాను. మీ అమ్మాయి పరీక్షించిన వజ్రం భూమిలో చాలా లోతున పుట్టింది. అందులో సూదిమొన కన్నా చిన్న పలుకు ఒకటి చిక్కుకుని ఉంది. వజ్రాన్ని కోయకుండానే ఎక్స్‌రేతో ఆ పలుకు లోపలి అమరికను చదివి, ఇలాంటి ఖనిజాన్ని ఇంతవరకు ఎవరూ వర్ణించలేదని తను తేల్చింది. వజ్రం బిగించి పట్టుకుంది కాబట్టే అది అలా నిలిచిందని కూడా. మా ప్రయోగశాలలో రాళ్లు సానపట్టే పని నాది. "ఇదిగో సాన దొరగారూ, నా వజ్రం మీద చెయ్యి పడిందో, చూడండి మరి! నేను చెప్పేదాకా దాని మొహం కూడా చూడొద్దు" అనేది. చెప్పేలోగా తనే పోయింది.

కొత్త ఖనిజాన్ని వర్ణించినవారు దానికి తమ పేరు పెట్టుకోకూడదు. అది నియమం. అందుకని, రాయికి తన పేరు పెట్టాలని మేం పంపిన ప్రతిపాదనలో రచయితల వరుస నుంచి తన పేరు కొట్టేశాను. పని తనది, సంతకాలు మావి, పేరు రాయికి. అప్పుడే మీకు "వస్తుంది" అని రాశాను. రాయకుండా ఉండాల్సింది.

కొత్త ఖనిజాలను ఆమోదించే నిర్ణయ సంఘం అమరిక ఒక్కటే చాలదంది. అందులో ఏ మూలకం ఎంత ఉందో కొలిచి చూపమంది. కొలవాలంటే వజ్రాన్ని సానపట్టి పలుకును పైకి తేల్చాలి. మా ప్రయోగశాల పెద్దాయన వద్దన్నాడు.

"తొందరేంటయ్యా? కోట్ల ఏళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగదా? తెరవకుండా కొలిచే దారి ఎవరో ఒకరు కనిపెడతారు."

"అది ఆగుతుందండీ. నేనే ఆగలేను."

"నీ చెయ్యి మంచిదే, కాదన్నానా? కానీ లోపలున్నది అదిమిపెట్టిన స్ప్రింగురా బాబూ."

అత్తయ్యగారూ, మీకు ఇంతవరకు చెప్పనిది ఇదే. నేను ఆగలేదు. అది మీ ఉత్తరాల వల్ల కాదు. ఆ పేరు నాకు కావాలి. ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచే పని లేకుండా పోయింది. ప్రయోగశాలలోనైనా ఎవరో ఒకరు ఆ మాట అంటూ ఉంటారని ఆశపడ్డాను.

పొర పొరగా తీశాను. ప్రతి పొరకూ ఆపి సూక్ష్మదర్శిని కింద చూశాను. చెయ్యి తప్పలేదు. చివరికి మిగిలిన పల్చటి పొర లోపలి ఒత్తిడిని ఆపలేక దానంతట అదే పగిలింది. పలుకు పొడిపొడి అయి సానచక్రం మీది నూనెలో కలిసిపోయింది. నూనెను వడగట్టాం. వజ్రపు పొడి తప్ప ఏమీ దొరకలేదు. ఆ వజ్రంలో మరో పలుకు లేదు. సంఘం ప్రతిపాదనను తిరస్కరించింది. పేరు రాదు.

పెద్దాయన తిట్టి ఉంటే బాగుండేది. మీ అమ్మాయి తీసిన ఎక్స్‌రే చిత్రాలతో చిన్న వ్యాసం వేద్దామన్నాడు. వజ్రంలో ఒక పలుకు కనిపించిందనీ, అది కొత్త ఖనిజమని నిర్ధారణ కాలేదనీ, ఇక కాబోదనీ అందులో ఉంటుంది. రాయికి పేరు లేదు కాబట్టి, రచయితల్లో తనను చేర్చడానికి ఇప్పుడు ఏ నియమమూ అడ్డు రాదు. మొదటి పేరు తనదే పెట్టమన్నాను.

అచ్చయ్యాక మీకో ప్రతి పంపుతాను. పేరు వరకు చూడండి. కింద చదవకండి.

ఇట్లు,
మీ అల్లుడు